ఇంజనీరింగు చదువునకు నిజమైన వెల

ఆషాఢమాసము వచ్చినదనగా కొత్తకోడండ్రు పుట్టిండ్లకు పోవు కాలమని మన పెద్దలు చెప్పుకొనెడివారు. ఇప్పుడు మన యిండ్లలో ఆషాఢమనగా ఇంజనీరింగు కౌన్సెలింగు కాలము. ప్రవేశపరీక్షలో పిల్లకో పిల్లవానికో ర్యాంకు వచ్చియుండును. ఏ కళాశాల, ఏ శాఖ యను చర్చ ప్రొద్దున మొదలై రాత్రి భోజనముల వేళ వఱకు సాగును. ఆ చర్చలో వెల మాట వచ్చినపుడు ఒక్క సంఖ్య మాత్రమే వినబడుచుండును: ఏటికి లక్ష, లేదా ఏటికి డెబ్బదివేలు. ఇంటి యజమాని దానిని నాలుగుతో హెచ్చించి నిట్టూర్చును. గృహిణి బీరువాలోని నగలను మనసులోనే తూచుకొనును.

మేమీ వ్యాసమున విచారింపదలచినది ఆ యొక్క సంఖ్యను గూర్చి. అది చదువుయొక్క వెల కాదు, వెలలో ఒక భాగము. అనేక కుటుంబములలో సగము కూడ కాదు. తక్కిన భాగము ఒక్కమాఱుగా కనబడదు. నెలకొకటి, ఋతువునకొకటిగా వచ్చుచుండును. అట్లు వచ్చినపుడెల్ల దానికి సొమ్ము సమకూర్చు భారము చాలవఱకు స్త్రీలపైననే పడుచున్నది. కావున కళాశాల నెన్నుకొను నాడే నాలుగేండ్ల లెక్క యంతయు ఆమె యెదుట నుండవలెనని మా యభిప్రాయము.

మొదట ఫీజు పుట్టుక చెప్పెదము. ప్రైవేటు ఇంజనీరింగు కళాశాల మన ప్రాంతమున మిక్కిలి పాతది కాదు. 1977లో విజయవాడలో సిద్ధార్థ కళాశాల, 1979లో హైదరాబాదులో చైతన్య భారతి కళాశాల ఏర్పడినవి. తరువాతి దశాబ్దములలో ఇట్టివి ఊరూర వెలసినవి. సీటిచ్చుటకై ఫీజుగాక వేఱుగా సొమ్ము పుచ్చుకొనుటను ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1983లోనే చట్టముచేత నిషేధించినది. నేడు రెండు తెలుగు రాష్ట్రములందును ఇందుకై ప్రత్యేకముగా నేర్పడిన సంఘములు కళాశాలల జమాఖర్చులు పరిశీలించి బోధనారుసుమును నిర్ణయించును. సీట్లలో నూటికి డెబ్బది కన్వీనరు ద్వారా ర్యాంకు వరుసను నిండును. ముప్పది యాజమాన్యమువారి చేతిలో నుండును. ఈ సంఘములు నిర్ణయించునది కళాశాల పుచ్చుకొనదగిన రుసుము మాత్రమే. పిల్ల ఎచట నుండును, ఏమి తినును, ఏ బస్సులో పోవును అను విషయములు ఆ కాగితములో నుండవు.

ఇపుడొక కుటుంబమును ఊహించుకొందము. ఇది మేము కల్పించుకొన్న లెక్కయే. ఊరినిబట్టి, కళాశాలనుబట్టి అంకెలు మాఱును. పద్ధతి కొఱకు దీనిని చూపుచున్నాము. జిల్లాలోని చిన్న పట్టణమునుండి ఒక బాలిక నగరములోని కళాశాలలో చేరినది. బోధనారుసుము ఏటికి ఒక లక్ష, నాలుగేండ్లకు నాలుగు లక్షలు. వసతిగృహమునకు ఏటికి తొంబదివేలు, అనగా మొత్తము మూడు లక్షల అరువదివేలు. విశ్వవిద్యాలయపు రుసుములు, పరీక్షరుసుములు, ప్రయోగశాల మొదలగువానికి ఏటికి పండ్రెండువేల చొప్పున నలువదియెనిమిదివేలు. పుస్తకములు, రికార్డులు, ఏకరూప దుస్తులు, ప్రయోగశాలలో తొడుగుకొను తెల్లకోటు, బూట్లు వీనికన్నిటికి ఏటికి ఎనిమిదివేల చొప్పున ముప్పదిరెండువేలు. లాప్‌టాప్ యంత్రమునకు ఏబదివేలు. పండుగలకు ఇంటికి వచ్చి పోవుటకును, చేతిఖర్చులకును నెలకు రెండువేల చొప్పున ఏటికి పది నెలలు వేసికొన్నచో ఎనుబదివేలు. చేరునపుడు కట్టు ధరావతు మొదలగునవి పదివేలు. కడపటి రెండేండ్లలో ఉద్యోగపరీక్షలకు తరిఫీదనియు, ప్రాజెక్టనియు నలువదివేలు. ఈ మొత్తము పదిలక్షల ఇరువదివేలైనది. నాలుగు లక్షల చదువనుకొన్నది పది లక్షలు దాటినది.

పిల్ల ఇంటనున్నను అన్నము తినునుగదా యని యెవరైన నడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఆ మేరకు నెలకు రెండువేలు తగ్గించినను నాలుగేండ్లలో తగ్గునది ఎనుబదివేలు. అప్పటికిని తొమ్మిది లక్షల నలువదివేలు మిగులుచున్నది. ఇంటినుండియే పోయివచ్చు పిల్లకు వసతి ఖర్చుండదు గాని, బస్సు ఖర్చుండును. కళాశాల బస్సునకు ఏడాది మొత్తము ముందుగనే కట్టుమను చోట్లు గలవు. సెలవుల నెలలకు తగ్గింపు దొరకుట అరుదు. ప్రొద్దున ఆరున్నరకు బయలుదేరి సాయంత్రము ఏడింటికి వచ్చు పిల్ల యొక్క అలసటకు ఏ లెక్కలోను పద్దు లేదు.

పై పద్దులలో ప్రాజెక్టు మాట కొందఱికి వింతగా తోచవచ్చును. కడపటి సంవత్సరమున విద్యార్థి తన చేతితో నొక పనిముట్టునో, గణకయంత్రపు కార్యక్రమమునో తయారుచేసి చూపవలెను. హైదరాబాదులోని అమీర్‌పేట ప్రాంతమున ఇట్టివి సిద్ధముగా అమ్ముడుపోవుచున్న సంగతి విద్యార్థు లందఱెఱుగుదురు, తల్లులే యెఱుగరు. అదే అమీర్‌పేటలో, పట్టము పుచ్చుకొన్న తరువాత ఉద్యోగమునకు కావలసిన విద్య నేర్పు సంస్థలు వీథి కిరుప్రక్కల బారులు తీరియున్నవి. నాలుగేండ్లు చదివిన పిల్లవాడు అచట ఒక చిన్న గది అద్దెకు తీసికొని మఱి ఆరుమాసములు నేర్చుకొనును. కళాశాలలో నేర్పవలసినదానికి కళాశాల వెలుపల మఱల వెల చెల్లించుట యనగా ఇదియే. ఈ ఆరుమాసముల ఖర్చును చదువు ఖర్చులో చేర్చువారిని మేము చూచి యుండలేదు.

ఇక ప్రభుత్వ సహాయము. 2008వ సంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఫీజు తిరిగి చెల్లించు పథకము ప్రారంభమైనది. దానివలన అంతకుముందు ఇంజనీరింగు మాట తలపెట్టజాలని యిండ్లనుండి వేలకొలది పిల్లలు, ముఖ్యముగా బాలికలు, కళాశాలల మెట్లెక్కిరి. దీని నెవరును కాదనజాలరు. కాని 2012లో వెనుకబడిన తరగతులవారికిని, ఇతర పేదవారికిని పదివేలలోపు ర్యాంకు రానిచో ప్రభుత్వమిచ్చునది ముప్పదియైదువేలకు మించదని పరిమితి విధించిరి. విభజన తరువాత తెలంగాణములో ఈ పద్ధతియే కొనసాగుచు వచ్చినది. లక్ష ఫీజుగల కళాశాలలో చేరిన పిల్లకు ముప్పదియైదువేలు పోగా అరువదియైదువేలు ఇంటివారే చెల్లింపవలెను. సహాయమున్నదను ధైర్యముతో ఖరీదైన కళాశాలను ఎన్నుకొని, ఈ తేడాను జులైలో గాక నవంబరులో తెలిసికొన్న కుటుంబములు చాల గలవు.

ఆంధ్రప్రదేశమున 2020 తరువాత కొన్నియేండ్లు ఈ సొమ్మును విడతలుగా తల్లుల బ్యాంకుఖాతాలలోనే వేసిరి. తల్లియే కళాశాలకు పోయి చెల్లింపవలెను. అంతవఱకు పిల్లల కళాశాల గుమ్మ మెఱుగని తల్లులనేకులు దానివలన గుమస్తాలతో మాటలాడిరి, రసీదు లడిగిరి, ఏ పద్దుక్రింద ఎంత కట్టుచున్నదియు తెలిసికొనిరి. ఆ సొమ్ము ఇంటి యవసరములకు ఖర్చై కళాశాలకు చేరని సందర్భములును గలవు. 2024లో ప్రభుత్వము మాఱిన పిమ్మట సొమ్మును మఱల నేరుగా కళాశాలలకే చెల్లింప నిశ్చయించిరి. ఏ పద్ధతి మేలైనదియు తర్కింప మా కిచట చోటు లేదు గాని, తల్లి రసీదు నడుగుట యను నలవాటు మాత్రము పోగొట్టుకొనదగినది కాదు.

ప్రభుత్వపు సొమ్ము సకాలమున రాదు. 2025 నవంబరులో తెలంగాణములోని ప్రైవేటు కళాశాలలవారు పేరుకొనిపోయిన బకాయిల కొఱకు కళాశాలలు మూసివేసి నిరసన తెలిపిన సంగతి పత్రికలలో చదివియున్నారు. బకాయి ప్రభుత్వమునకును కళాశాలకును మధ్యనున్నది. దాని బాధ యింటికెట్లు వచ్చును? కళాశాలవారు ముందు మీరు కట్టుడు, ప్రభుత్వము ఇచ్చినపుడు తిరిగి ఇచ్చెదమందురు. లేదా చదువు ముగిసిన పిల్లకు ధ్రువపత్రము లియ్యక ఆపుదురు. ఉద్యోగములో చేరు తేది ముంచుకొని వచ్చుచుండగా పత్రములు చేతికి రానిచో తల్లిదండ్రు లేమి చేయుదురు? అప్పుచేసి కట్టుదురు. కావున సహాయమునకు అర్హులైన యింటివారును ఒక యేడాది ఫీజు సమకూర్చుకొను దారిని ముందే చూచుకొనుట మంచిది.

ఆ దారులేవియో మన స్త్రీలకు మేము చెప్పనక్కఱలేదు. నగల తాకట్టు, చీటీ, డ్వాక్రా సంఘపు అప్పు, బ్యాంకువారి విద్యాఋణము. ఇందు ప్రతిదానికి ఒక వెల యున్నది; ఆ వెలయు చదువు ఖర్చులోనిదే. ఐదు లక్షల చీటీని తొలినెలలలో పాడుకొన్న వారికి ఐదు లక్షలు చేతికి రావు. పాటలో పోయినది వడ్డీవంటిదే. డ్వాక్రా అప్పునకు ప్రతినెల వాయిదా యున్నది, పిల్ల సంపాదన మాత్రము నాలుగేండ్ల తరువాతి మాట. నగల అప్పు సాధారణముగా ఏడాది గడువుది. దానిని ఏటేట తిరుగవ్రాయించుచు పోయినచో వడ్డీ మాత్రమే కట్టుచుందుము, నగ ఇంటికి రాదు. ఒక యేడాది తప్పినచో వేలము నోటీసు వచ్చును.

విద్యాఋణమును గూర్చి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. బ్యాంకుల సాధారణ పద్ధతిని నాలుగు లక్షల వఱకు హామీ యడుగరు. ఏడున్నర లక్షలు దాటినచో ఆస్తి తనఖా నడుగుదురు. చదువు కాలమును, ఆపైన ఒక సంవత్సరమును అసలు కట్టనక్కఱలేదు. ఈ మాట విని చాలమంది అప్పటివఱకు వడ్డీ కూడ లేదనుకొందురు. అది పొరపాటు. వడ్డీ మొదటి రూపాయి తీసికొన్న నాటినుండి పెరుగుచునే యుండును. ఏటికి లక్ష చొప్పున నాలుగు లక్షలు, నూటికి పదివంతున తీసికొన్నామనుకొనుడు. మొదటి లక్షకు ఐదేండ్లు, రెండవదానికి నాలుగు, మూడవదానికి మూడు, కడపటిదానికి రెండేండ్లు వడ్డీ నడచును. బారువడ్డీ లెక్కను ఏబదివేలు, నలువదివేలు, ముప్పదివేలు, ఇరువదివేలు. వెరసి లక్షా నలువదివేలు. కావున వాయిదాలు మొదలగునాటికి అప్పు ఐదు లక్షల నలువదివేలు. దానిని పదేండ్లలో తీర్చవలెనన్న నెలకు సుమారు ఏడువేల నూటముప్పదియారు రూపాయలు. మొత్తము కట్టునది ఎనిమిది లక్షల ఏబదియాఱువేలకు పైమాట. అదే, చదువు కాలమునందే వడ్డీని ఎప్పటికప్పుడు కట్టివేసినచో నెలవాయిదా ఐదువేల మూడువందల లోపుననే యుండి, అంతయు కలిపి ఏడు లక్షల డెబ్బదినాలుగువేల ప్రాంతమున ముగియును. తేడా ఎనుబదివేల పైచిలుకు. ఇంటిఖర్చులలో మిగిల్చి నెలనెల వడ్డీ కట్టు గృహిణి సంపాదించి పెట్టునది అంత.

తక్కువ రాబడిగల కుటుంబముల పిల్లలకు చదువు కాలపు వడ్డీని కేంద్రప్రభుత్వము భరించు పథకములు గలవు. 2024 నవంబరులో అనుమతి పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకమున, జాతీయ శ్రేణిపట్టికలో పేరున్న మేలైన సంస్థలలో చేరినవారికి హామీలేని ఋణమును, ఎనిమిది లక్షలలోపు రాబడిగల వారికి పదిలక్షల ఋణము వఱకు వడ్డీలో నూటికి మూడు తగ్గింపును గలవు. కాని అన్ని కళాశాలలు ఆ పట్టికలో లేవు. మీరు చేర్పదలచిన కళాశాల యున్నదో లేదో బ్యాంకులోనే అడిగి తెలిసికొనవలెను, కళాశాలవారి మాటపై ఆధారపడరాదు.

డొనేషనను పేర సీటునకిచ్చు సొమ్మును గూర్చి మేము వ్రాయుటకు సంకోచించుచున్నాము, వ్రాయక తప్పదు. నిషేధింపబడినదే యైనను ఇచ్చువారున్నారు, పుచ్చుకొనువారున్నారు. దానికి రసీదుండదు. రసీదు లేనిదానికి బ్యాంకు ఋణమీయదు. పిల్ల సీటు వదలుకొన్నచో తిరిగి యడుగు హక్కును నిరూపించుకొన జాలరు. అందువలన ఈ సొమ్ము సామాన్యముగా నగలనుండియో, పొలమునుండియో వచ్చును. పిల్లవానికి ఇష్టమైన శాఖయే కావలెనని ఒక కళాశాలలో ఐదు లక్షలు రసీదు లేక యిచ్చువారు, అంతకన్న తక్కువ పేరుగల కళాశాలలో అదే శాఖ కన్వీనరు సీటుగా దొరకునేమో చూచికొన్నారా యని మేమడుగుచున్నాము. పేరునకు వెల యున్నది, నిజమే. ఐదు లక్షల వెల యున్నదా యనునది ఆ కళాశాలలో చదివి బయటకు వచ్చిన పిల్లలను నలుగురి నడిగి తెలిసికొనదగిన విషయము. ప్రకటనలలో వేయు గొప్ప జీతము ఒక్కరిద్దఱిది. మధ్యనున్న విద్యార్థికి వచ్చిన జీత మెంతయని యడుగవలెను.

ఇంకొక ఖర్చు ఎవ్వరును ముందుగా తలచుకొనుటకు ఇష్టపడనిది. హాజరు నూటికి డెబ్బదియైదు లేనిచో రుసుము కట్టి మన్నింపు పొందవలెను. అరువదియైదునకు తక్కువైనచో ఆ సెమిస్టరు మఱల చదువవలెను. తప్పిన పరీక్షలను తిరిగి వ్రాయుటకు వేఱు రుసుము. ఇట్లొక సంవత్సరము వెనుకబడినచో ఆ యేటి ఫీజు, వసతి, తిండి మాత్రమే కాదు, ఉద్యోగములో సంపాదింపదగిన ఒక యేటి జీతమును పోవును. పిల్లవానికి ఆసక్తి లేని శాఖలో బలవంతముగా చేర్చునపుడు ఈ లెక్కయు వేసికొనవలెను.

ఇపుడు మా మనసున మిక్కిలి బాధ కలిగించు విషయమునకు వచ్చెదము. అనేక గృహములలో చదువు లెక్క కొడుకు పద్దున ఒకలాగును, కూతురు పద్దున మఱొకలాగును వ్రాయబడుచున్నది. కొడుకునకు యాజమాన్యపు సీటునకై పొలమమ్ముదురు. అంతకన్న మంచి ర్యాంకు తెచ్చుకొన్న కూతురిని, హాస్టలు ఖర్చనియు, దూరమనియు, పెండ్లికి మఱల ఖర్చుపెట్టవలెననియు చెప్పి దగ్గఱి డిగ్రీ కళాశాలలో చేర్చుదురు. ఆమె వదలుకొన్న సీటుయొక్క విలువ ఏ పుస్తకములోను ఖర్చుగా కనబడదు. తమ్ముని చదువు వెలలో అక్క కోల్పోయినదియు చేరియున్నది. వింత యేమనగా, పూర్తి లెక్క వేసి చూచినచో కూతురి చదువే చౌకగా పడు సందర్భములు తక్కువ కాదు. కన్వీనరు సీటునకు డొనేషను లేదు. అఖిలభారత సాంకేతిక విద్యామండలివారి ప్రగతి ఉపకారవేతనము బాలికలకే ప్రత్యేకమైనది: ఏటికి ఏబదివేల రూపాయలు, కుటుంబపు రాబడి ఎనిమిది లక్షలు మించరాదు, ఒక యింటినుండి ఇద్దఱు బాలికల వఱకు పొందవచ్చును. నాలుగేండ్లకు రెండు లక్షలు. ఇది దరఖాస్తు చేసికొన్న వారందఱికి రాదు, వేఱొక సహాయముతో కలిపి పొందవచ్చునా యనునది విచారించుకొనవలెను. అయినను దరఖాస్తుకు పోవునది ఒక సాయంకాలము మాత్రమే.

డీమ్డు విశ్వవిద్యాలయములును, ప్రైవేటు విశ్వవిద్యాలయములును పైన చెప్పిన దానికి కొంత భిన్నమైనవి. ఫీజు తిరిగి చెల్లించు పథకము అన్నిటికి వర్తింపదు. మొదటి యేట మార్కులనుబట్టి ఫీజులో తగ్గింపిచ్చి, తరువాతి యేండ్లలో నిర్ణీతమైన మార్కులు తగ్గినచో ఆ తగ్గింపును తీసివేయు నలవాటు కొన్నిచోట్ల నున్నది. కావున తగ్గింపు నాలుగేండ్లకా, ఒక యేటికా, ఏటేట ఫీజు పెరుగునా, పెరిగిన ఎంతకు మించదు అను ప్రశ్నలకు సమాధానము వ్రాతమూలముగా తీసికొనవలెను. నోటిమాట చాలదు. సీటు రేపటికి ఉండదని తొందరపెట్టువారి యెదుట ఈ ప్రశ్న లడుగుట కష్టమే. అందుకే ఇంటివద్దనే కాగితముపై వ్రాసికొని, తల్లియు తండ్రితోపాటు పోయి, ఆ కాగితము చేతబట్టుకొని అడుగుట మేలు.

సీటు వదలుకొనవలసి వచ్చినపుడు సొమ్మెంత తిరిగి వచ్చును? విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2018లో దీనికి మెట్లు నిర్ణయించిరి. ప్రవేశముల కడపటి తేదికి పదునైదు దినములు గాని అంతకెక్కువ గాని ముందు తెలిపినచో ఫీజు పూర్తిగా తిరిగి ఈయవలెను; అప్పుడు ఖర్చుల క్రింద కొద్దిపాటి తగ్గించుకొనవచ్చును. ఆ గడువులోపల తెలిపినచో నూటికి తొంబది. కడపటి తేది దాటిన పదునైదు దినముల వఱకు ఎనుబది, నెలదినముల వఱకు ఏబది, ఆపైన ఏమియు లేదు. తరువాత కొన్ని సంవత్సరములలో ఇంకను ఉదారమైన గడువులు ప్రకటించుచు వచ్చిరి గనుక ఆ యేటి ప్రకటనను చూచికొనవలెను. మూలధ్రువపత్రములను కళాశాలవారు తమయొద్ద నుంచుకొనరాదని ఆ నిబంధనలలోనే యున్నది. పత్రములను సరిచూచి వెంటనే తిరిగి ఈయవలెను. చేరునాడు పదవతరగతి పత్రము మొదలు అన్నిటి నకళ్లును తీయించి, ఏవైన అసళ్లు వారియొద్దనే యుంచవలసి వచ్చినచో తేదితో, ముద్రతో వ్రాత పుచ్చుకొనుడు. ఆ వ్రాతను, ధరావతు రసీదును, ప్రతి విడత ఫీజు రసీదును ఒకే సంచిలో బెట్టి నగల పెట్టె ప్రక్కనే దాచుడు. ధరావతు నాలుగేండ్ల తరువాత తిరిగి రావలసినది; రసీదు పోయినందున దానిని అడుగక వదలివేసిన యిండ్లు మా యెఱుకలోనే పెక్కు గలవు.